ఎలుకేలే, పడుకో

చందమామ చదివి పెరిగిన వాళ్ళకి ఒక శవం బాగా పరిచయం. నెలనెలా విక్రమార్కుడు చెట్టు మీంచి దాన్ని దించి, భుజాన వేసుకుని, మౌనంగా శ్మశానం కేసి నడిచేవాడు. శవంలోంచి బేతాళుడు గొంతు విప్పి కథ మొదలుపెట్టేవాడు. శంకర్ గీసిన ఆ బొమ్మ ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంటుంది. రాత్రి ఉంది, శ్మశానం ఉంది, మాట్లాడే శవం ఉంది. భయపెట్టడానికి కావలసిన సరంజామా అంతా ఉంది. అయినా బేతాళ కథ చదివి జడుసుకున్న పిల్లవాణ్ణి నేను చూడలేదు. కంచం ముందు పెట్టుకుని, ఎడంచేత్తో పుస్తకం పట్టుకుని, ముద్ద ముద్దకీ ఒక పేరా చొప్పున చదివేసేవాళ్ళం.

మా అమ్మమ్మ చెప్పింది మాత్రం ఒక్క ముక్క. "ఒరే, రాత్రిపూట బయటినుంచి ఎవరన్నా పేరుపెట్టి పిలిస్తే మూడోసారి దాకా పలక్కు." అంతే. శవం లేదు, శ్మశానం లేదు. పిలిచేది ఎవరో కూడా ఆవిడ చెప్పలేదు. ఆ ఒక్క మాటకి ఎన్ని రాత్రులు దుప్పటి తలమీదికి లాక్కుని పడుకున్నానో లెక్కలేదు. అటక మీద ఏదన్నా చప్పుడైతే మళ్ళీ ఆవిడే "ఎలుకేలే, పడుకో" అనేది. ఆ మాట విన్నాక భయం తగ్గాలి కదా, తగ్గేది కాదు. నిజంగా ఎలుకే అయితే ఆవిడ గొంతు తగ్గించి ఎందుకు చెప్పింది?

భయం కథలో అసలు భయం ఎక్కడుంటుందన్న ప్రశ్నకి జవాబు ఆ మాటలోనే ఉందని నాకు చాలా ఏళ్ళకి గాని తెలియలేదు. రెండు ప్రసిద్ధ కథల్ని పక్కపక్కన పెట్టుకుని చదివినప్పుడు తెలిసింది. ఒకటి అమెరికా రచయిత ఎడ్గర్ అలన్ పో రాసిన 'ది టెల్-టేల్ హార్ట్', గుట్టు బయటపెట్టిన గుండె. రెండోది ఇంగ్లండు రచయిత డబ్ల్యూ.డబ్ల్యూ. జేకబ్స్ రాసిన 'ది మంకీస్ పా', కోతి పంజా. మొదటిది 1843లో వచ్చింది, రెండోది 1902లో. రెండింటికీ మధ్య ఒక మహాసముద్రం, దాదాపు అరవై ఏళ్ళు. అయినా రెండింటిలోనూ భయం వచ్చేది చప్పుడు రూపంలోనే. రెండింటిలోనూ ఒక ముసలాయన, చీకట్లో, ఆ చప్పుడికి ఎలుక పేరు పెడతాడు.

రెండు ఇళ్ళు

పో కథలో పేర్లుండవు. ఊరికి పేరు లేదు, మనుషులకి పేర్లు లేవు. ఒక ఇంట్లో ఒక ముసలాయన, ఆయనతోపాటు మరో మనిషి. కథ చెప్పేది ఆ రెండోవాడే. ముసలాయన తనకి ఏ అపకారమూ చెయ్యలేదంటాడు. ఆయనంటే తనకి ప్రేమేనంటాడు. ఆయన సొమ్ము మీద ఆశ లేదంటాడు. బాధంతా ఆయన కన్నుతోనే. పొర కమ్మిన లేతనీలం కన్ను, రాబందు కన్ను లాంటిది. అది తనమీద పడినప్పుడల్లా ఒంట్లో నెత్తురు చల్లబడిపోతుందట. ఆ కన్ను వదిలించుకోవడానికి మనిషిని చంపుతాడు. శవాన్ని ముక్కలు చేసి, గది నేలమీది చెక్కపలకలు లేపి, వాటి కింద సర్దేస్తాడు. తెల్లవారుజామున నాలుగింటికి ముగ్గురు పోలీసులు వస్తారు. తొణక్కుండా బెణక్కుండా ఇల్లంతా చూపిస్తాడు. ఆ గదిలోనే వాళ్ళకి కుర్చీలు వేసి, తన కుర్చీ సరిగ్గా శవం ఉన్న చోట వేసుకుంటాడు. అప్పుడు మొదలవుతుంది గుండె చప్పుడు. అది పెరిగి పెరిగి, ఇక తాళలేక, తన నోటితో తనే నేరం ఒప్పుకుంటాడు.

జేకబ్స్ కథలో అన్నిటికీ పేర్లున్నాయి. ఇంటిపేరు లబర్నమ్ విల్లా. వైట్ దంపతులు, వాళ్ళకి మిగిలిన ఒక్క కొడుకు హెర్బర్ట్. వానపడుతున్న చలిరాత్రి, తండ్రీ కొడుకూ చదరంగం ఆడుకుంటున్నారు, తల్లి నిప్పుల దగ్గర కూర్చుని అల్లుకుంటోంది. ఇండియాలో ఇరవయ్యొక్క ఏళ్ళు గడిపి వచ్చిన సార్జెంట్ మేజర్ మోరిస్ వాళ్ళింటికి వచ్చి, జేబులోంచి ఎండిపోయిన కోతి పంజా తీస్తాడు. ఒక ఫకీరు దానికి మంత్రం వేశాడని, ముగ్గురు మనుషులకి మూడేసి కోరికలు తీరుస్తుందని, మొదటివాడు మూడో కోరికగా చావునే కోరుకున్నాడని చెబుతాడు. చెప్పి దాన్ని నిప్పుల్లోకి విసిరేస్తాడు. వైట్ గబుక్కున తీసేసుకుంటాడు. ఇంటి బాకీ తీర్చుకోవడానికి 200 పౌన్లు కోరుకుంటాడు.

మర్నాడు హెర్బర్ట్ పనిచేసే కంపెనీ నుంచి ఒక పెద్దమనిషి వస్తాడు. గేటు దగ్గర మూడుసార్లు ఆగి, తటపటాయించి, నాలుగోసారి లోపలికి వస్తాడు. హెర్బర్ట్ యంత్రంలో చిక్కుకుని పోయాడు. కంపెనీకి బాధ్యత ఏమీ లేదు, అయినా అతని సేవలకు గుర్తింపుగా కొంత సొమ్ము ఇస్తుంది. ఆ సొమ్ము 200 పౌన్లు. వారం గడిచాక ఒక రాత్రి తల్లికి తడుతుంది, ఇంకా రెండు కోరికలు మిగిలే ఉన్నాయని. కొడుకు బతికి రావాలని కోరమని మొగుడి ప్రాణం తీస్తుంది. ఆయన కోరతాడు. శ్మశానం రెండు మైళ్ళ దూరంలో ఉంది. కాసేపటికి వీధి తలుపు మీద చప్పుడవుతుంది.

తెలిసిన అపాయం, తెలియని అపాయం

సస్పెన్స్ గురించి మాట్లాడేటప్పుడు ఎవరైనా సినిమా దర్శకుడు హిచ్‌కాక్ దగ్గర ఆగాల్సిందే. ఫ్రెంచి దర్శకుడు త్రూఫోతో జరిపిన సంభాషణల్లో ఆయన ఒక పోలిక చెప్పాడు. ఇద్దరు బల్ల దగ్గర కూర్చుని ఏదో మాట్లాడుకుంటున్నారు. బల్ల కింద బాంబు ఉంది. ఆ సంగతి ప్రేక్షకుడికి చెప్పకుండా బాంబు పేలిస్తే వాడు ఒక్క క్షణం ఉలిక్కిపడతాడు. ముందే చూపించి, ఆ ఇద్దరి చేతా తీరిగ్గా మాట్లాడిస్తే ఆ కాసేపూ ఊపిరి బిగబట్టి కూర్చుంటాడు. మాటలు అవే, బల్ల అదే. తేడా అంతా మనకి తెలిసినదానిలో ఉంది.

పో కథ ఈ సూత్రానికి, సినిమా పుట్టక ముందే రాసిన నమూనా. హంతకుడెవరో మొదట్లోనే తెలుసు. చంపబోతున్నాడని తెలుసు. శవం ఎక్కడుందో తెలుసు. పోలీసులు ఆ గదిలోనే కుర్చీలు వేసుకుని కూర్చున్నారని తెలుసు. హిచ్‌కాక్ బాంబు బల్ల కింద ఉంటే, పో బాంబు నేలపలకల కింద ఉంది. పాఠకుడి దగ్గర దాచిన రహస్యం ఒక్కటే, ఇది ఎలా బయటపడుతుంది అన్నది.

జేకబ్స్ దీనికి ఎదురు దారిలో నడిచాడు. ఆయన కథలో ఏ ఒక్కటీ రూఢిగా తెలియదు. పంజాకి మహిమ ఉందా? హెర్బర్ట్ చావు కారఖానాల్లో జరిగే ప్రమాదం. నష్టపరిహారం ఎవరైనా ఇచ్చేదే. ఆ సొమ్ము సరిగ్గా 200 కావడం కాకతాళీయం అనుకోవచ్చు. కోరిక కోరేటప్పుడు పంజా చేతిలో పాములా మెలిక తిరిగిందని వైట్ అంటాడు, మరెవరూ చూడలేదు. చివరికి తలుపు తట్టింది కూడా దారిన పోయే ఎవరైనా కావచ్చు. కథంతా హేతువాదిలాగా చదివినా ఎక్కడా తెగదు. నమ్మకంతో చదివినా ఎక్కడా తెగదు. ఆ రెంటి మధ్యా పాఠకుణ్ణి వేలాడదీసి ఉంచడంలోనే జేకబ్స్ పనితనం ఉంది. పో దగ్గర పాఠకుడికి అన్నీ తెలుసు, ఆపడం చేతకాదు. జేకబ్స్ దగ్గర ఏమీ తెలియదు, ఊహించకుండా ఉండడం చేతకాదు.

ఒక తల, ఒక అగ్గిపుల్ల

భయానికి కాలం కావాలి. అది ఇద్దరికీ తెలుసు. పో దాన్ని సాగదీశాడు. హంతకుడు ఏడు రాత్రులు వరసగా అర్ధరాత్రి వేళ ముసలాయన గది తలుపు ఓరగా తీస్తాడు. తల లోపలికి పెట్టడానికే గంటసేపు పడుతుంది. చేతిలో మూసిన లాంతరు. దాని మూత సన్నగా తీసి, ఒకే ఒక్క పోగులాంటి వెలుగు ఆ కంటిమీద పడేటట్టు చూస్తాడు. ఏడు రాత్రులూ కన్ను మూసే ఉంది, కాబట్టి పని జరగలేదు. ఎనిమిదో రాత్రి లాంతరు మూత మీద బొటనవేలు జారుతుంది. ఆ చిన్న చప్పుడికి ముసలాయన లేచి కూర్చుని, ఎవరది అని కేక వేస్తాడు. ఆ తరవాత గంటసేపు ఇద్దరూ కదలరు. హంతకుడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు, ముసలాయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఒకరికొకరు కనబడరు. ఇద్దరూ చెవులు రిక్కించి వింటున్నారు. ప్రపంచ సాహిత్యంలో ఇంత నిశ్శబ్దమైన గంట మరొకటి నేను చదవలేదు.

జేకబ్స్ కాలాన్ని తుంచాడు. కథని మూడు ముక్కలు చేసి, రెండు రాత్రుల మధ్య ఒక పగలు పెట్టాడు. మొదటి రాత్రి తరవాత ఉదయం ఎండ కాస్తుంది. ఉప్మా తింటూ నిన్నటి భయాన్ని తలుచుకుని మనం నవ్వుకుంటామే, అలాగే ఆ ఇంట్లో అందరూ నవ్వుకుంటారు. పంజా బీరువా మీద అనాథలా పడి ఉంటుంది. ఆ నవ్వు పూర్తికాకముందే గేటు దగ్గర మనిషి తచ్చాడుతుంటాడు.

చివరి ఘట్టంలో మాత్రం ఆయన కూడా ఆగి ఆగి రాశాడు. కోరిక కోరాక ఏమీ జరగదు. కొవ్వొత్తి అడుగంటి ఆరిపోతుంది. ముసలాయన, హమ్మయ్య అనుకుని పక్కమీదికి చేరతాడు. మెట్టు కిర్రుమంటుంది. గోడలో ఎలుక చప్పుడవుతుంది. చీకటి భరించలేక అగ్గిపెట్టె తీసుకుని, ఒక పుల్ల గీసి, కొవ్వొత్తి కోసం మెట్లు దిగుతాడు. చివరి మెట్టు దగ్గర పుల్ల ఆరిపోతుంది. ఇంకొకటి గియ్యబోయే లోపల వీధి తలుపు మీద చప్పుడు, వినీ వినబడనంత మెల్లిగా, దొంగచాటుగా. అగ్గిపుల్లలు చేతిలోంచి రాలిపోతాయి. ఇక్కడ దయ్యం లేదు, నెత్తురు లేదు, ఆరిపోయిన అగ్గిపుల్ల ఒక్కటి ఉంది. కరెంటు పోయిన ఇంట్లో తడుముకుంటూ నడిచిన ఏ మనిషికైనా ఆ పుల్ల ఆరిపోవడం ఒంటికి తగులుతుంది.

ఎలుక

ఇప్పుడు ఎలుక దగ్గరికి వద్దాం. పో కథలో, ఆ నిశ్శబ్దమైన గంటలో, మంచం మీద కూర్చున్న ముసలాయన తనకి తను సర్దిచెప్పుకుంటూ ఉంటాడు. పొగగూట్లో గాలి అయ్యుంటుంది, నేలమీద చిట్టెలుక పరిగెత్తి ఉంటుంది, కీచురాయి ఒక్కసారి కూసి ఉంటుంది. జేకబ్స్ కథలో, మూడోసారి తలుపు తట్టిన చప్పుడు ఇల్లంతా వినబడి భార్య లేచి కూర్చుని అదేమిటి అని అడిగితే, వైట్ చెప్పే జవాబు ఎలుక. మెట్లమీద నా పక్కనించే పోయింది అని కూడా కలుపుతాడు.

ఒక కథ నుంచి ఇంకో కథకి ఈ ఎలుక పాకిందని నేను అనడం లేదు. ఇద్దరు గొప్ప కథకులు, భయానికి మూలస్థానం వెతుక్కుంటూ వెళ్ళి, ఒకే చోట తవ్వారు. అది ఊరడింపు. మనిషి భయపడేది కనబడిన వస్తువుని చూసి కాదు. తను చెప్పుకున్న ధైర్యం తన చేతుల్లోనే వీగిపోతుంటే భయపడతాడు. 'ఏమీ లేదులే' అన్నమాట నోట్లోంచి వచ్చాక, దాన్ని నమ్మలేకపోయిన ఆ అరక్షణంలో భయం పుడుతుంది.

ఈ కొలత పెట్టి చూస్తే రెండు కథల నిర్మాణమూ కొత్తగా కనిపిస్తుంది. పో కథలో హంతకుడి మాటలన్నీ ఊరడింపులే. నాకు పిచ్చి లేదు, చూడండి ఎంత నేర్పుగా చేశానో, ఎంత నిదానంగా చెబుతున్నానో అని మొదటినుంచీ మనకి నచ్చజెబుతూ ఉంటాడు. పోలీసుల ముందు చెవుల్లో హోరు మొదలైతే అది చెవుల్లోదే అనుకుని ఇంకా గట్టిగా మాట్లాడతాడు. కాదని తేలిన క్షణమే వాడి పతనం.

జేకబ్స్ కథ పేజీ పేజీకీ ఒక ఊరడింపు. మోరిస్ కథలు నమ్మొద్దంటుంది తల్లి. డబ్బు మంచం మధ్య సంచిలో ఉంటుందని, బీరువా మీద ఏదో భయంకరమైనది కూర్చుని చూస్తుంటుందని కొడుకు వేళాకోళం చేస్తాడు. ఆ వేళాకోళమూ ఊరడింపే. కంపెనీవాళ్ళు ఇచ్చిన పరిహారం ఏమిటి? అదీ ఊరడింపే, రొక్కం రూపంలో. అయితే ఆ రొక్కం అంకె విన్నాకే తల్లి కేక పెడుతుంది, తండ్రి కుప్పకూలిపోతాడు. ఓదార్పునే పిడుగుగా మార్చిన ఇలాంటి ఘట్టం రాయడానికి దయ్యాల గురించి తెలిస్తే చాలదు, మనుషుల గురించి తెలియాలి.

బేతాళ కథ ఎందుకు భయపెట్టదో కూడా ఇక్కడే తేలుతుంది. విక్రమార్కుడు భయపడడు, కాబట్టి అతనికి ఊరడింపు అవసరం లేదు. ఆ శవం అతనికి ఏమీ కాదు. భుజం మీద ఉన్నది బరువే గాని బంధం కాదు. వచ్చే నెల శవం మళ్ళీ చెట్టెక్కుతుందని మనకీ తెలుసు. భయం లేని ఆ కథలు మనకి ఆలోచన నేర్పాయి, అది వాటి పని. భయపెట్టడం వాటి పని కాదు.

చూపిన శవం, చూపని శవం

పో తన కథలో శవాన్ని ముక్కలు చేయించాడు. కథ మొత్తంలో చూడడానికి అన్నిటికంటే ఘోరమైన ఘట్టం అదే. పాఠకుడు అన్నిటికంటే తక్కువ భయపడేదీ అక్కడే. రెండు మూడు వాక్యాల్లో పని ముగిసిపోతుంది, మనం ముందుకి జరిగిపోతాం. పోకి ఆ సంగతి తెలుసు. అందుకే నెత్తురు దగ్గర ఆగకుండా చప్పుడు దగ్గర ఆగాడు. దూదిలో చుట్టిన గడియారం లాంటి ఆ చప్పుడే కథని మోసింది.

జేకబ్స్ శవాన్ని చూపనేలేదు. తండ్రి నోట ఒక్క మాట అనిపించాడు, అప్పుడే వాణ్ణి బట్టల్ని బట్టి తప్ప గుర్తుపట్టలేకపోయానని. అదీ చనిపోయిన పదోరోజున, తల్లి వాణ్ణి వెనక్కి రప్పించమని పట్టుబడుతుంటే. ఇక ఆపైన తలుపు అవతల ఎవరున్నారో బొమ్మ గీసుకోవలసింది మనమే. తల్లి గీసుకున్న బొమ్మలో కొడుకు ముఖం ఉంది. తండ్రి గీసుకున్న బొమ్మలో యంత్రం వదిలిన శరీరం ఉంది. తలుపు ఒకటే, చప్పుడు ఒకటే, అవతల ఇద్దరు వేరు వేరు కొడుకులు నిలబడి ఉన్నారు. ఆవిడ కుర్చీ వేసుకుని పై గడియ అందుకోబోతుంటే, ఆయన మోకాళ్ళమీద పాకుతూ చీకట్లో పంజా కోసం వెతుకుతుంటాడు. ఒకరిది ప్రేమ, ఇంకొకరిది క్రూరత్వం అనుకోవడానికి వీల్లేదు. ఇద్దరిదీ ప్రేమే. ఆ రెండు ప్రేమలకీ పొసగకపోవడమే ఆ కథలోని ఘోరం.

కరెంటు పోయిన ఒక వేసవి రాత్రి, అరుగు మీద కూర్చుని, ఈ కథని మా అమ్మమ్మకి తెలుగులో చెప్పాను. అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను, నా ఇంగ్లీషు చదువు ఆవిడకి చూపించుకోవాలని ఉబలాటం. పై గడియ జరుగుతుండగా ముసలాయనకి పంజా దొరకడం, మూడో కోరిక కోరడం, చప్పుడు ఆగిపోవడం, తలుపు తీస్తే చల్లగాలి, ఆ తల్లి ఏడుపు, వీధి దీపం కింద ఖాళీ రోడ్డు. చెప్పడం అయిపోయింది. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. దయ్యం వచ్చిందా రాలేదా అని అడుగుతుందనుకున్నాను. "ఒరే, ఆ మూడో కోరిక సంగతి ఆవిడకి ఎప్పటికైనా చెప్పాడంటావా?" అని అడిగింది.

ఆ ప్రశ్నకి కథలో జవాబు లేదు. విమర్శ పుస్తకాలు ఎన్ని చదివినా ఆ కథని అంతగా తెరిచిన మాట నాకు మళ్ళీ దొరకలేదు. తెల్లారాక ఆ ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. కొడుకు రాలేదని ఆవిడ అనుకుంటుంది. వచ్చినవాణ్ణి పంపించేశానని ఆయనకి తెలుసు. భయం అయిపోయిన చోట మొదలయ్యే ఈ కాపురం కథలో రాసి లేదు, అయినా పాఠకుడి మనసులో జరిగి తీరుతుంది.

ఫకీరు మనవాడే

ఇంగ్లండు పాఠకుడికి 1902లో ఇండియా అంటే పాములు, ఫకీర్లు, అంతుచిక్కని మంత్రాలు. జేకబ్స్ ఆ నమ్మకాన్ని వాడుకున్నాడు. ఇండియా నుంచి వచ్చిన వస్తువు కాబట్టి పంజాకి మహిమ ఉందని వాళ్ళు ఇట్టే ఒప్పుకున్నారు. మరి మనకో? ఫకీరు మనకి వింత మనిషి కాడు. తాయెత్తులు, రక్షరేకులు కట్టించుకోని ఇల్లు మన ఊళ్ళలో ఎన్ని? ఆ లెక్కన ఈ కథ మనల్ని భయపెట్టకూడదు. అయినా భయపెడుతుంది. ఎందుకంటే మనల్ని పట్టుకునేది పంజా కాదు, ఇంటి బాకీ. 200 పౌన్లు కోరినవాడు రాజ్యం కోరలేదు. బాకీ తీరితే చాలనుకున్నాడు. కొడుకు సంపాదన మీద ఇల్లు నిలబెట్టుకునే తండ్రులు, కారఖానాల్లో పిల్లలు పోతే చేతికొచ్చే చెక్కులు తెలుగునాట ఉన్నవే. ఆ చెక్కు అందుకున్న చేతికి పంజా కథ ఏ దేశానిదో చెప్పనక్కర్లేదు.

జేకబ్స్ లండన్ రేవు దగ్గర పుట్టి పెరిగి, పోస్టాఫీసు సేవింగ్స్ బ్యాంకులో గుమాస్తాగా పనిచేసినవాడు. రేవు మనుషుల మీద రాసిన హాస్యకథలతో పేరు తెచ్చుకున్నాడు. నవ్వించే రచయిత ఇంత భయపెట్టాడేమిటని ఆశ్చర్యపోతుంటారు గాని, అందులో ఆశ్చర్యం లేదు. ఇంట్లో మనుషులు ఒకరినొకరు ఎలా ఆటపట్టించుకుంటారో తెలిసినవాడికే, ఆ ఆటలు ఆగిపోయిన ఇల్లు ఎంత భయంగా ఉంటుందో తెలుస్తుంది.

మన తలుపులు

తెలుగు ఊళ్ళలో ఒకప్పుడు ఇంటి తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసి ఉండేది. రాత్రిపూట ఏదో వచ్చి మనవాళ్ళ గొంతుతో పిలుస్తుందని, ఆ రాత చదువుకుని వెళ్ళిపోతుందని చెప్పుకునేవారు. ఈ పుకారు పుట్టించినవాళ్ళెవరో గాని భయం కిటుకు బాగా తెలిసినవాళ్ళు. పరాయి గొంతు పిలిస్తే మనం తలుపు తీయం. అమ్మ గొంతు పిలిస్తే తీస్తాం. జేకబ్స్ కథ మొత్తం ఆ వాకిట్లోనే నిలబడి ఉంది.

మన నవలల్లో ఇంటింటినీ భయపెట్టింది యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం'. అందులోనూ భయానికి కేంద్రం క్షుద్రదేవతలు కారు, ఒక ఇంట్లో పడుకున్న చిన్నపిల్ల. వైద్యం ఒక పక్క, తంత్రం ఒక పక్క నిలబెట్టి, డాక్టరు చెప్పిన ధైర్యం వారం వారం వీగిపోతుంటే పాఠకుణ్ణి వచ్చే సంచిక దాకా కూర్చోబెట్టిన నవల అది. కథ నడిపే నేర్పులో దానికి వంకపెట్టలేం. కాని రంగనాయకమ్మ దానిమీద ఒక పుస్తకమే రాసి లేవనెత్తిన అభ్యంతరం కూడా చిన్నది కాదు. క్షుద్రశక్తి నిజమని నమ్మించి పుట్టించే భయం పుస్తకం మూసినా ఆగదు. అది వీధిలోకి వెళుతుంది. చేతబడి, బాణామతి చేశారన్న అనుమానంతో తెలుగు పల్లెల్లో మనుషుల్ని కొట్టారు, పళ్ళు ఊడగొట్టారు, చంపారు. ఆ దెబ్బలు తిన్నవాళ్ళు ఎక్కువమంది దిక్కులేని పేదవాళ్ళు. భయం కథ రాసేవాళ్ళు ఈ సంగతి మరచిపోకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

పోనూ జేకబ్స్‌నూ పక్కపక్కన పెట్టి చూస్తే ఈ విషయంలో ఇద్దరూ శుభ్రంగా కనిపిస్తారు. పో కథ చదివి ఎవరూ పక్కింటి ముసలాయన్ని అనుమానించరు. జేకబ్స్ కథలో ఫకీరు ఎవరిమీదా ప్రయోగం చేయలేదు. మనిషి కోరుకున్నాడు, మనిషే అనుభవించాడు. మేలైన భయం మన వేలిని ఇతరుల మీదికి చూపదు, మన గుండెమీదికే తిప్పుతుంది.

సినిమా సంగతి వేరు. రాంగోపాల్ వర్మ 1992లో రేవతితో తీసిన 'రాత్రి'లో ఖాళీ చోట్ల మెల్లిగా కదిలే కెమెరాయే సగం భయపెట్టింది. అక్కడ దర్శకుడు మన ఊహకి చోటిచ్చాడు. ఇప్పుడు వస్తున్న చాలా సినిమాల్లో ముందు నిశ్శబ్దం, తరవాత చెవులు పగిలే మోత. అది ఉలికిపాటు. వీపు మీద ఎవరైనా చరిచినా ఉలిక్కిపడతాం. హాలు మెట్లు దిగేలోపల అది దిగిపోతుంది. ఇంటిదాకా వెంట వచ్చేదాన్నే భయం అనాలి.

తీర్పు

రెండు కథల్లో ఏది గొప్పదని అడిగితే పో పక్షాన చెప్పవలసింది చాలా ఉంది. ఒక్క బిగిన చదివి ముగించగలిగే కథ, ప్రతి వాక్యమూ ఒకే ముద్ర కోసం పనిచేయాలన్న సిద్ధాంతం ఆయనదే. దాన్ని ఆయన ఇంతకంటే బాగా మరెక్కడా పాటించలేదు. అన్నిటికంటే నన్ను కదిలించేది ఆ నిశ్శబ్దపు గంటలో వినబడిన మూలుగు. ముసలాయన మూలిగితే హంతకుడు దాన్ని గుర్తుపడతాడు. అర్ధరాత్రుళ్ళు తన గుండెలోంచీ అదే మూలుగు వచ్చిందట. ఆయన మీద జాలి కలిగిందట కూడా. అయినా చంపుతాడు. తన భయాన్నే ఎదుటి మనిషిలో చూసి కూడా ఆగలేని మనసుని అంత దగ్గరగా చూపిన రచయితలు అరుదు. చివర్లో వినబడిన గుండె చచ్చినవాడిదా, చంపినవాడిదా అన్నది ఎప్పటికీ తెగని ప్రశ్న.

అయినా నా తీర్పు జేకబ్స్ వైపే. పో కథలో నేరం ఒప్పుకోగానే ఊపిరి వదులుతాం. రహస్యం బయటపడింది, కట్టు తెగింది. పైగా, వీడు నేను కాను అని అనుకునే వీలు పాఠకుడికి చివరిదాకా ఉంది. జేకబ్స్ ఆ వీలు ఇవ్వలేదు. బాకీ తీరాలని కోరుకున్న తండ్రిని నేను కానని ఎవరనగలరు? పోయిన బిడ్డ తలుపు తడితే గడియ తీయనని ఏ తల్లి అనగలదు? పో సస్పెన్స్‌ని శిఖరానికి తీసుకెళ్ళాడు. జేకబ్స్ భయాన్ని మన ఇంట్లోకి తెచ్చి, మన కోరిక చేతే తలుపు తీయించాడు.

భయం కథలు రాయాలనుకునే కొత్తవాళ్ళకి నేను చెప్పేది ఇంతే. దయ్యానికి కోరలు గీయకముందు ఇంటికి గోడలు కట్టండి. ఆ ఇంట్లో ఒకరిని ఒకరు పోగొట్టుకోలేని ఇద్దరిని పెట్టండి. వాళ్ళకో చిన్న బాకీ, చిన్న ఆశ ఇవ్వండి. చప్పుడైనప్పుడు వాళ్ళలో ఒకరు "ఎలుకేలే, పడుకో" అనాలి. అన్నవాళ్ళ గొంతు కొంచెం తగ్గాలి. ఆ తగ్గిన గొంతు పాఠకుడికి వినబడేటట్టు రాయగలిగితే, ఆపైన మీరు ఏ దయ్యాన్నీ తీసుకురానక్కర్లేదు.